వేదిక మీద చోటు, వీధిలో చోటు

జపాన్‌లో నివసిస్తున్న విదేశీయుల సంఖ్య 2024 చివరికి 37 లక్షలు దాటింది. వాళ్లలో అమెరికన్లు అరవై వేల పైచిలుకే. సైనిక స్థావరాల్లో ఉండేవాళ్లు ఈ లెక్కలోకి రారు. చైనా, వియత్నాం, దక్షిణ కొరియా, ఫిలిప్పీన్స్, నేపాల్ నుంచి వచ్చినవాళ్లు అమెరికన్ల కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. అయినా ఇంగ్లిష్ పాఠం చెప్పే విదేశీ మాస్టారు, టీవీలో గలగలా మాట్లాడే విదేశీ అతిథి, బేస్‌బాల్‌లో హోమ్‌రన్లు బాదే విదేశీ ఆటగాడు అనగానే సగటు జపనీయుడికి చాలాకాలం పాటు గుర్తొచ్చింది అమెరికన్ ముఖమే. యుద్ధంలో ఓడాక 1945 నుంచి 1952 దాకా జపాన్ అమెరికా నాయకత్వంలోని ఆక్రమణ పాలనలో ఉంది. గెలిచినవాడి సినిమాలు, పాటలు, తిండి ఆ ఏడేళ్లలో ఊరూరా పాకాయి. ఆ తర్వాత వచ్చి ఉండిపోయిన అమెరికన్‌కు దక్కినంత ఆదరణ అక్కడ మరే విదేశీయుడికీ దక్కలేదు. ఆ ఆదరణలో కపటం లేదు. కానీ అది అతిథికి జరిగే మర్యాద. పక్కింటి మనిషికి దక్కే చోటు వేరే సంగతి. రంగస్థలం మీద అమెరికన్‌కు పెద్దపీట వేసిన సమాజమే అతనికి ఇల్లు అద్దెకివ్వడానికి వెనకాడింది. ఈ రెండింటికీ సంబంధం ఉందనీ, ఆ పెద్దపీటే కొంతవరకు ఇంటి గుమ్మానికి అడ్డుగా నిలిచిందనీ నేననుకుంటున్నాను.

టోక్యోలో దిగిన అమెరికన్‌కు మొదట కనిపించేవి తెలిసిన బోర్డులే. ఆ బోర్డుల వెనక ఉన్నది మాత్రం తెలిసిన అమెరికా కాదు. టెక్సస్‌లో పుట్టిన సెవెన్-ఎలెవెన్ దుకాణం జపాన్‌లో 1974లో టోక్యోలోని తోయొసు ప్రాంతంలో మొదలైంది. జపాన్ శాఖ ఎంతగా ఎదిగిందంటే, 1991లో అమెరికాలోని మాతృసంస్థలో అధిక వాటాను అది తన జపాన్ యజమాని సంస్థతో కలిసి కొనేసింది. 2005లో పూర్తిగా సొంతం చేసుకుంది. ఇవాళ జపాన్‌లో 20 వేలకు పైగా ఉన్న ఆ దుకాణాల్లో సముద్రపు నాచు చుట్టిన అన్నం ముద్దలు దొరుకుతాయి, కరెంటు బిల్లు కట్టొచ్చు, డబ్బు తీసుకోవచ్చు, పార్సిల్ పంపొచ్చు, కచేరీ టికెట్ కొనుక్కోవచ్చు. కెంటకీ ఫ్రైడ్ చికెన్ 1974లో చేసిన ప్రచారం పుణ్యమా అని క్రిస్మస్ రోజున వేయించిన కోడి తినడం జపాన్ కుటుంబాలకు ఆనవాయితీ అయింది. ముందుగా ఆర్డరిచ్చి మరీ వరసలో నిలబడి పట్టుకెళ్తారు. అమెరికాలో ఆ ఆచారం ఎవరూ ఎరగరు. 1983లో ఉరయాసులో తెరిచిన టోక్యో డిస్నీలాండ్ అమెరికా బయట పుట్టిన మొదటి డిస్నీ పార్కు. దాని యజమాని జపాన్ కంపెనీయే.

సినిమాల సంగతీ అంతే. హాలీవుడ్ ఒకప్పుడు ఏలిన జపాన్ థియేటర్లలో 2006లో స్వదేశీ చిత్రాలు రెండు దశాబ్దాల తర్వాత మళ్లీ పైచేయి సాధించాయి. 2024లో టికెట్ల రాబడిలో దాదాపు నాలుగింట మూడొంతులు వాటిదే. అణుబాంబు తయారీ కథ ‘ఓపెన్‌హైమర్’ అమెరికాలో 2023 జులైలో వస్తే, బాంబు పడిన దేశంలో అది విడుదల కావడానికి 2024 మార్చి దాకా పట్టింది. జపాన్‌లో ఉన్న అమెరికన్ ఆ ఎనిమిది నెలలూ ఆగక తప్పలేదు. సొంత దేశపు సినిమాని హిరోషిమా, నాగసాకి జ్ఞాపకాలున్న ప్రేక్షకుల మధ్య కూర్చుని చూడటం అతనికి అమెరికాలో దొరకని అనుభవం. అదే థియేటర్లలో మన ‘ఆర్‌ఆర్‌ఆర్’ 2022 అక్టోబరులో విడుదలై నెలల తరబడి ఆడింది. అందరూ స్త్రీలే నటించే ప్రసిద్ధ తకరాజుకా బృందం 2024 జనవరిలో దాన్ని సంగీత నాటకంగా వేసింది. అంటే, జపాన్ ఎక్కడి వినోదాన్నయినా చేతులు చాచి తీసుకుంటుంది, తీసుకున్నాక తనదిగా మార్చుకుంటుంది. వస్తువులనూ కథలనూ ఇంత సులువుగా సొంతం చేసుకునే సమాజం మనుషుల్ని ఎందుకు అలా చేసుకోలేకపోతోంది?

జవాబు రోజువారీ బతుకులో వెతకాలి. చాలామంది అమెరికన్లకు జపాన్ జీవితం బడిలో మొదలవుతుంది. 1987లో ప్రభుత్వం మొదలుపెట్టిన జెట్ కార్యక్రమం కింద పట్టభద్రులైన విదేశీ యువతీయువకులు బడుల్లో సహాయ భాషోపాధ్యాయులుగా చేరతారు. వాళ్లలో సగానికి పైగా అమెరికన్లే. ఎంతోమంది పెద్ద నగరాలకు దూరంగా, తాము తప్ప మరో విదేశీయుడు కనిపించని ఊళ్లకు వెళ్తారు. ఆ ఊరికి ఆ మాస్టారు ఒక విశేషం. పిల్లలు చుట్టూ మూగుతారు, పండగ ఊరేగింపుకు పిలుస్తారు, పల్లకీకి భుజం పట్టనిస్తారు. అయితే ఈ ఉద్యోగానికి గరిష్ఠ గడువు అయిదేళ్లు. వచ్చేవాడు వెళ్లిపోతాడన్న లెక్క ఏర్పాటులోనే ఉంది. ఊరు అతన్ని ప్రేమగా చూసుకుంటుంది కానీ అతని కోసం ఏమీ మార్చుకోదు. అతనూ భాష పూర్తిగా నేర్చుకోకుండానే గడువు దాటించేయగలడు. ఇద్దరికీ ఇది సుఖమైన ఒప్పందం. అందుకే ఏళ్లు గడిచినా పరిచయం పలకరింపుల దగ్గరే ఆగిపోతుంది.

ఉండిపోదామని నిర్ణయించుకున్న రోజు నుంచి లెక్క మారుతుంది. చెత్త వేయడం దగ్గరే పరీక్ష మొదలవుతుంది. కాలేది, కాలనిది, ప్లాస్టిక్, సీసాలు, డబ్బాలు, పాత కాగితం అంటూ ప్రతి మునిసిపాలిటీకి తన పట్టిక, తన వారాలు, చాలాచోట్ల తన సంచులు. షికొకు దీవిలోని కమికత్సు అనే చిన్న ఊళ్లో చెత్తను నలభైకి పైగా రకాలుగా వేరు చేస్తారు. తప్పు రోజున పెట్టిన సంచి తీసుకెళ్లకుండా అక్కడే మిగిలిపోతుంది, ఎవరిదో వీధంతా తెలిసిపోతుంది. చెత్త పెట్టే చోటును శుభ్రంగా ఉంచే బాధ్యత చాలా వీధుల్లో ఇరుగుపొరుగు సంఘానిది, వంతులవారీగా ఇంటింటిది. వేసవి జాతర, భూకంపం వస్తే ఎక్కడికి పోవాలో నేర్పే కసరత్తు కూడా ఆ సంఘమే నడుపుతుంది. పొరుగువాడు కావడమంటే అక్కడ ఈ వంతుల్లో పేరు ఉండటం. పర్యాటక కరపత్రాల్లో ఈ సంగతి ఉండదు, టీవీలో ఇది వినోదం కాదు. జపాన్‌ను ఇల్లు చేసుకున్న అమెరికన్‌కు మాత్రం ఏ కోట, ఏ గుడి, ఏ యానిమే దుకాణం కంటే ఇదే ముఖ్యం.

కానీ వంతుల్లో పేరు ఉండాలంటే ముందు ఇల్లు దొరకాలి. జపాన్‌లో అద్దె ఇంటికి బయానా కాక, చాలాచోట్ల యజమానికి తిరిగిరాని కానుక సొమ్ము ఇవ్వాలి, హామీ ఉండే మనిషినో సంస్థనో చూపించాలి. ఇవి జపనీయులకూ ఉన్న భారాలే. విదేశీయుడికి వీటికి ముందే ఒక తలుపు మూసుకుంటుంది. న్యాయశాఖ 2017లో వెల్లడించిన దేశవ్యాప్త సర్వేలో, అంతకుముందు అయిదేళ్లలో ఇల్లు వెతికిన విదేశీయుల్లో దాదాపు 39 శాతం మంది విదేశీయులన్న కారణంగానే నిరాకరణ ఎదుర్కొన్నామని చెప్పారు. అన్ని దేశాలవాళ్లనూ కలిపి అడిగిన లెక్క ఇది. అమెరికన్లకు ఇందులో మినహాయింపు ఉందని చెప్పడానికి ఆధారమేమీ లేదు. హొక్కైడోలోని ఒతారులో ఒక వేడినీటి స్నానశాల జపనీయులకు మాత్రమే ప్రవేశమని బోర్డు పెట్టింది. అమెరికాలో పుట్టి జపాన్ పౌరసత్వం తీసుకున్న ఒక వ్యక్తిని, పౌరసత్వం వచ్చాక కూడా చూడ్డానికి విదేశీయుడిలా ఉన్నాడని లోపలికి రానివ్వలేదు. అతనూ మరో ఇద్దరూ కోర్టుకెళ్లారు. 2002లో సప్పొరో జిల్లా కోర్టు దీన్ని అన్యాయమైన వివక్ష అని తేల్చి ముగ్గురికీ తలా పది లక్షల యెన్లు చెల్లించమంది. చేతిలో పౌరసత్వ పత్రమున్నా ముఖం చూసి ఆపారన్నదే ఈ కేసులో గుర్తుంచుకోవాల్సిన సంగతి.

ఇప్పుడు వేదిక వైపు చూద్దాం. హవాయిలోని మావి దీవి నుంచి 1964లో వచ్చిన జెస్సీ కుహావులువా, తకమియామా పేరుతో సుమో బరిలోకి దిగి, 1972 జులైలో నగోయాలో అత్యున్నత విభాగపు టోర్నీ గెలిచాడు. విదేశీయుడు గెలవడం అదే మొదలు. అమెరికా అధ్యక్షుడు నిక్సన్ పంపిన అభినందనను రాయబారి ఆ మట్టి బరి మీదే చదివాడు. దేశమంతా చప్పట్లు కొట్టింది. నాలుగేళ్లకు, రిటైరయ్యాక శిక్షకులుగా కొనసాగే పెద్దల హోదా జపాన్ పౌరులకే అని సుమో సంఘం నిబంధన పెట్టింది. తకమియామా 1980లో పౌరసత్వం తీసుకున్నాడు. 1986లో సొంతంగా తాలింఖానా తెరిచాడు. అందులో తయారైన హవాయి కుర్రాడు చాడ్ రోవన్ అకెబోనో పేరుతో 1993 జనవరిలో తొలి విదేశీ యొకొజునా, అంటే సుమోలో అత్యున్నత హోదా పొందిన మల్లుడయ్యాడు. దానికి ముందు ఏడాదే మరో హవాయి మల్లుడు కొనిషికి, మూడు టోర్నీలు గెలిచి కూడా ఆ హోదా అందుకోలేకపోయాడు. యొకొజునాకు తగిన హుందాతనం గురించి అప్పట్లో పెద్ద చర్చే నడిచింది. 1998 నాగానో ఒలింపిక్స్ ఆరంభోత్సవంలో జపాన్ తరఫున ప్రపంచం ముందు బరి ప్రవేశ క్రతువు చేసింది అకెబోనోయే. అమెరికాలో పుట్టినవాడికి ఇంతకు మించిన ఆదరణ ఏముంటుంది అనిపిస్తుంది. కానీ 2002 నుంచి ఒక్కో తాలింఖానాలో ఒక్క విదేశీయుడికే చోటు. 2010లో ఆ నిబంధనను ఇంకా బిగించి, పౌరసత్వం తీసుకున్నా సరే, విదేశంలో పుట్టినవాడు విదేశీయుడి లెక్కలోకే వస్తాడన్నారు. చప్పట్లు ఎంత గట్టిగా మోగాయో, తలుపు అంత జాగ్రత్తగా కొలిచి తెరిచారు.

బేస్‌బాల్ కథ దీనికి కొంత భిన్నం. ఆ తేడాయే నా వాదనకు బలం. 1872 ప్రాంతంలో హొరేస్ విల్సన్ అనే అమెరికన్ ఉపాధ్యాయుడు టోక్యో విద్యార్థులకు నేర్పిన ఆట అది. హన్షిన్ టైగర్స్‌కు ఆడిన ఓక్లహోమా వాడు ర్యాండీ బాస్ 1985లో జట్టుకు జపాన్ సిరీస్ గెలిపించాడు. అంతకుముందే లీగ్ టైటిల్ ఖాయమైన రోజున అభిమానులు ఆనందం పట్టలేక, పోలికలున్నాయని కెంటకీ చికెన్ కల్నల్ బొమ్మను ఒసాకాలోని దోతొన్‌బొరి కాలువలో పడేశారు. అదే ఏడు బాస్ 54 హోమ్‌రన్లతో రికార్డుకు ఒక్క అడుగు దూరంలో ఉండగా, చివరి మ్యాచ్‌లో ప్రత్యర్థి పిచర్లు అతనికి కొట్టదగ్గ బంతి వేయలేదు. ఆ ప్రత్యర్థి జట్టు మేనేజరు, 1964లో 55 కొట్టి రికార్డు నెలకొల్పిన సదహరు ఓ. సిన్సినాటీకి చెందిన టఫీ రోడ్స్ 2001లో 55 చేరినప్పుడూ ఇదే జరిగింది. అప్పుడూ ప్రత్యర్థి జట్టు మేనేజరు సదహరు ఓనే. ఇందులో ఇంకో మెలిక ఉంది. సదహరు ఓ జపాన్‌లోనే పుట్టిపెరిగాడు, కానీ తండ్రి చైనీయుడు కావడంతో సదహరుకు జపాన్ పౌరసత్వం లేదు. కురసావ్ దీవికి చెందిన వ్లాదిమిర్ బాలెంటీన్ 2013లో 60 కొట్టి రికార్డు దాటేసినప్పుడు ఆకాశమేమీ విరిగిపడలేదు. బాస్‌ను 2023లో జపాన్ బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎన్నుకున్నారు. అన్నిటికంటే ముఖ్యమైనది, లీగ్‌లో తగినన్నేళ్లు ఆడి, జట్టు మారే స్వేచ్ఛనిచ్చే ఫ్రీ ఏజెంట్ అర్హత పొందిన విదేశీ ఆటగాడిని ఆ తర్వాత విదేశీయుల కోటాలో లెక్కించరు. రక్తం, పుట్టుక అడగకుండా ఎన్నేళ్లున్నావని అడిగే నిబంధన ఇది. జపాన్‌లో విదేశీయుల విషయంలో నాకు అన్నిటికంటే నచ్చిన నిబంధన ఇదే. వీధికీ ఇలాంటిదే కావాలి.

టీవీ విషయానికొస్తే, 1980ల నుంచి జపనీస్ అనర్గళంగా మాట్లాడే అమెరికన్లు చర్చల్లో, క్విజ్‌లలో కనిపిస్తూనే ఉన్నారు. షికాగో వాడు డేవ్ స్పెక్టర్ దశాబ్దాలుగా తెరమీదే ఉన్నాడు. హార్వర్డ్‌లో చదివిన ప్యాట్రిక్ హార్లన్ జపనీస్ సహచరుడితో కలిసి హాస్య ద్వయంగా పేరు తెచ్చుకున్నాడు. పిట్స్‌బర్గ్‌కు చెందిన నల్లజాతి యువకుడు జెరో, జపనీయురాలైన అమ్మమ్మ దగ్గర విన్న ఎన్కా పాటలు పాడి 2008లో దేశాన్ని ఊపేశాడు. ఎన్కా అంటే విరహం, ఊరి మీద బెంగ, కన్నీళ్లు నిండిన పాతతరం పాట. ఆ ఏడాది చివర కొహాకు ఉతా గస్సెన్ అనే టీవీ పాటల పోటీ వేదిక మీద కూడా పాడాడు. వీళ్ల ప్రతిభను తక్కువ చేయలేం. కానీ తెర ఈ అమెరికన్‌ను పదేపదే ఒకే విషయానికి మెచ్చుకుంటుంది. విదేశీయుడై ఉండి ఇంత బాగా మాట్లాడాడే, పాడాడే అని. ఆ ఆశ్చర్యం తగ్గిపోతే అతని ఆకర్షణా తగ్గుతుంది. ఏళ్ల తరబడి ఈ దృశ్యం చూసిన ప్రేక్షకుడికి విదేశీయుడు అంటే చూడదగ్గ వింత అని స్థిరపడిపోతుంది. ఆ ప్రేక్షకుడే ఇంటి యజమానిగా, తన వాటాలో ఖాళీ గది కోసం వచ్చినవాడిని చూసి తడబడటంలో ఆశ్చర్యమేముంది? తెర నేర్పిన పాఠమే గుమ్మం దగ్గర పనిచేస్తోంది. తల్లి జపనీయురాలు, తండ్రి నల్లజాతి అమెరికన్ అయిన అరియానా మియామొతో 2015లో మిస్ యూనివర్స్ జపాన్‌గా ఎన్నికైనప్పుడు, ఆమె తగినంత జపనీయురాలు కాదని అభ్యంతరాలు వచ్చాయి. ఆమె నాగసాకి జిల్లాలో పుట్టి పెరిగింది. అక్కడే పుట్టిన మనిషినీ కిరీటం పెట్టగానే పరాయిదానిగా చూశారు.

దీనికి మూడు అభ్యంతరాలు రావచ్చు. మొదటిది, అమెరికన్ మీద జాలెందుకని. ఇది న్యాయమైన ప్రశ్న. ఫ్యాక్టరీల్లో, పొలాల్లో ట్రైనీల పేరుతో పనిచేసే వియత్నాం కుర్రాళ్ల కష్టం ముందు అమెరికన్ ఇబ్బంది చిన్నదే. పైగా అమెరికా సైన్యం జపాన్‌లో 50 వేలకు పైగా ఉంది. ఆ సైన్యం ఒక్కటే వాడే స్థావరాల విస్తీర్ణంలో సుమారు 70 శాతం భారాన్ని చిన్న ఒకినావా మోస్తోంది. కంచె లోపల డాలర్లు, అమెరికన్ బడులు, అమెరికన్ రేడియో. 1995లో అక్కడ ముగ్గురు అమెరికా సైనికులు పన్నెండేళ్ల బాలిక మీద చేసిన అత్యాచారాన్ని ఒకినావా మరిచిపోలేదు, మరిచిపోనక్కర్లేదు. కానీ ఈ వాస్తవాలన్నీ నా వాదననే బలపరుస్తాయి. కంచె లోపలి అమెరికన్ కూడా పొరుగువాడు కాకుండానే ఉండిపోయాడు. ఇక అందరికంటే ఆదరణ పొందిన అమెరికన్‌కే ఇంటి గుమ్మం దగ్గర ఇలా జరిగితే, ఆ ఆదరణ లేని నేపాలీకీ ఫిలిప్పీన్స్ వాళ్లకీ ఏం జరుగుతుందో ఊహించడం కష్టం కాదు. అమెరికన్ అనుభవాన్ని కొలమానంగా తీసుకున్నది అందుకే.

రెండో అభ్యంతరం జపాన్ వైపు నుంచి వచ్చేది. క్రమశిక్షణ మీద నడిచే సమాజం, తన పద్ధతులు కాపాడుకోవడం తప్పా? తప్పు కాదు. ఒతారు స్నానశాల ఆ బోర్డు పెట్టింది రష్యన్ నావికుల ప్రవర్తనతో విసిగిపోయాకే. స్నానశాలల్లో ముందు ఒళ్లు కడుక్కుని తొట్టిలో దిగాలన్న నియమం, పచ్చబొట్టు ఉన్నవాళ్లను రానివ్వకూడదన్న నియమం చాలాచోట్ల ఉన్నాయి. రెండోది నాకు నచ్చకపోయినా, అది జపనీయులకూ వర్తిస్తుంది. పద్ధతి పాటించనివాడిని ఆపడం వేరు, ముఖం చూసి పద్ధతి పాటించడని ముందే తేల్చేయడం వేరు. కోర్టు చెప్పిందీ ఇంచుమించు ఇదే. వంతు తప్పకుండా చెత్తచోటు ఊడ్చే అమెరికన్‌కు ఇల్లివ్వడం వల్ల ఏ పద్ధతీ చెడదు. ఇల్లివ్వకపోతే మాత్రం అతను ఏ పద్ధతీ నేర్చుకునే వీలుండదు.

మూడో అభ్యంతరం అమెరికన్ల నుంచే వస్తుంది, అది అన్నిటికంటే ఆలోచించదగ్గది. బయటివాడిగా ఉండటమే మాకు హాయి, ఎవరు అడిగారు ఈ పొరుగుతనం అని. 1947లో ఆక్రమణ సిబ్బందిలో ఒకడిగా వచ్చిన ఒహైయో వాడు డొనాల్డ్ రిచీ, జపనీస్ సినిమాను పాశ్చాత్య ప్రపంచానికి పరిచయం చేసి, 2013లో టోక్యోలోనే కన్నుమూశాడు. ఏ గుంపుకీ చెందకపోవడంలో ఉన్న స్వేచ్ఛను అతను బహిరంగంగానే మెచ్చుకున్నాడు. దీనికి ఎదురుగా డొనాల్డ్ కీన్ ఉన్నాడు. కొలంబియా విశ్వవిద్యాలయంలో దశాబ్దాల పాటు జపనీస్ సాహిత్యం బోధించిన ఆ న్యూయార్క్ పండితుడు, 2011 భూకంపం, సునామీ తర్వాత విదేశీయులు ఎంతోమంది దేశం విడుస్తున్న వేళ, నేను మీతోనే ఉంటానని ప్రకటించాడు. మరుసటి ఏడాది 89 ఏళ్ల వయసులో జపాన్ పౌరుడయ్యాడు. ఇద్దరూ జపాన్‌ను గాఢంగా ప్రేమించినవాళ్లే. రిచీ దారి తప్పని నేననను. కానీ దూరంగా ఉండటం ఎంచుకున్నవాడికే స్వేచ్ఛ. అక్కడే పెళ్లి చేసుకుని, పిల్లల్ని వీధి బడికి పంపుతూ, ముసలితనం కూడా అక్కడే గడపాలనుకునేవాడికి ఆ దూరాన్ని మరొకరు నిర్ణయిస్తే, దాన్ని స్వేచ్ఛ అనలేం.

జపాన్ జాతివివక్ష నిర్మూలన అంతర్జాతీయ ఒప్పందంలో 1995లో చేరింది. విదేశీ మూలాలున్నవాళ్ల మీద ద్వేష ప్రసంగాలకు వ్యతిరేకంగా 2016లో చట్టం చేసింది, అందులో శిక్షలు లేవు. అద్దె ఇంటి విషయంలో వివక్షను నేరుగా నిషేధించే జాతీయ చట్టం లేదు. బాధితుడు సొంత ఖర్చుతో కోర్టుకెళ్లి నష్టపరిహారం అడగాలి. ఆ చట్టం రావాలి. బేస్‌బాల్ లీగ్‌కు చేతనైనది పార్లమెంటుకు చేతకాకపోవడానికి కారణం కనపడదు.

ఈ సంగతి మనకూ దూరం కాదు. 2025 ఆగస్టులో భారత్, జపాన్ ప్రధానులు ప్రకటించిన ప్రణాళిక ప్రకారం అయిదేళ్లలో 50 వేల మంది నైపుణ్యమున్న భారతీయులు జపాన్ వెళ్లాలన్నది లక్ష్యం. తెలుగు ఊళ్ల నుంచి వెళ్లేవాళ్లకు అమెరికన్‌కు దక్కిన పెద్దపీట ఉండదు. కాబట్టి ఇక్కడే జపనీస్ నేర్చుకుని వెళ్లండి, ఇల్లు చూసుకున్న రోజే మునిసిపల్ కార్యాలయంలో చెత్త పట్టిక అడిగి తీసుకోండి, వీధి సంఘంలో పేరు రాయించుకోండి. విదేశీయుడివని ఇల్లు ఇవ్వకపోతే ఊరుకోకండి. జపాన్ న్యాయశాఖ మానవ హక్కుల విభాగం విదేశీ భాషల్లోనూ ఫిర్యాదులు వింటుంది.